ప్రమీలమ్మ సైకిల్ దిగిన వైనం

సిద్దిపేట బజారులో మ్యాచింగ్ సెంటర్ నడిపే ప్రమీలమ్మకు రంగుల విషయంలో ఎదురుచెప్పే ధైర్యం ఊళ్లో ఏ ఆడదానికీ లేదు. చీర కొంగు అంచు ఇంత చూపిస్తే చాలు, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి అరలోంచి సరిగ్గా ఆ రంగు జాకెట్ గుడ్డే లాగేది. "ఇది రామా గ్రీన్ కాదమ్మా, ఆనంద బ్లూ దిక్కుకు జర మొగ్గింది" అని ఆమె అన్నదంటే ఇక అప్పీలు ఉండదు. పెళ్లిళ్ల రోజుల్లో షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా ఆమె నిలబడే ఉండేది. ఒకరికి ఫాల్ చూపిస్తుంటే ఇంకొకరు లంగా గుడ్డ అడిగేవారు. ఆ గుడ్డ చింపుతుంటే మూడో ఆవిడ లైనింగ్ అడిగేది. మొదలుపెట్టిన మాట ఏదీ ఆమె పూర్తిచేసి ఎరగదు. భర్త విశ్వేశ్వర్ గల్లా దగ్గర కూర్చుని చిల్లర ఇస్తూ, వచ్చినవాళ్లతో వానల గురించి మాట్లాడేవాడు.

ఏభై దాటాక ప్రమీలమ్మ మోకాళ్లు మొరాయించాయి. డాక్టరు చూసి, నిలబడడం తగ్గించి రోజూ సైకిల్ తొక్కమన్నాడు. ఆయన ఉద్దేశం ఇంట్లో ఒక మూల పెట్టుకుని తొక్కే సైకిల్. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉండేది. అలాంటి సైకిల్ ఒకటి లోకంలో ఉంటుందని ప్రమీలమ్మకు తెలియదు. తెలిసి ఉంటే ఈ కథ ఆమె హాల్లోనే మొదలై హాల్లోనే అయిపోయేది.

వాళ్లింట్లో మెట్ల కింద కూతురు భరణి సైకిల్ ఉంది. ఆ పిల్ల హైదరాబాద్ హాస్టలుకు వెళ్లినప్పటి నుంచీ దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచారు. గేర్లున్న సైకిల్. మధ్యలో అడ్డంగా కడ్డీ. భరణి వాళ్ల నాన్న పోలిక, పొడగరి. సీటు తన ఎత్తుకు ఎత్తించుకుంది. ఆ సీటు అక్కడే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మెకానిక్ నూనె పోశాడు, సుత్తితో కొట్టాడు, చివరికి చెమట తుడుచుకుని, "గిది దిగదమ్మా, కొయ్యాలె" అన్నాడు. ఫోనులో భరణి ఒప్పుకోలేదు. "అమ్మా, నా సైకిల్ కోస్తే నేను ఇంటికే రాను" అంది. మెకానిక్ ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ముందు ఒక బుట్ట, వెనక ఒక క్యారియరు బిగించి పంపించాడు.

సీటు మీద కూర్చుంటే ప్రమీలమ్మ కాళ్లు పెడళ్లకు అందుతాయి, నేలకు అందవు. ఇంటి వెనక గల్లీలో విశ్వేశ్వర్ సీటు పట్టుకుని నడిపిస్తే తొక్కడం తొందరగానే వచ్చింది. హ్యాండిల్ నిలకడగా పట్టడమూ వచ్చింది. రానిదల్లా దిగడం. బ్రేకు వేస్తే సైకిల్ ఆగుతుంది. ఆగిన సైకిల్ ఏదో ఒక పక్కకు ఒరుగుతుంది. ఒకసారి ఎదురింటివాళ్ల ముగ్గు మీదికి, ఇంకోసారి నీళ్ల క్యాన్ల ఆటో మీదికి ఒరిగాక, ఆనుకునే గోడ లేని చోట సైకిల్ ఆపేది లేదని ఆమె ఒట్టు పెట్టుకుంది.

కాలువ గట్టు సంగతి ఆమెకు చంద్లాపూర్ నుంచి వచ్చే ఒక గిరాకీ చెప్పింది. ఊరి చివర నుంచి రంగనాయక సాగర్ వైపు పోయే ఆ దారిలో లారీలు, బస్సులు, ఆటోలు రాకుండా గొలుసు కట్టారట. గొలుసు పక్కన సైకిల్ దూరేంత సందు ఉందట. వెళ్లి చూస్తే నిజమే. అంతకంటే ముఖ్యంగా, దారి పొడుగునా అక్కడక్కడ కల్వర్టులు, వాటికి పిట్టగోడలు. ఆ పిట్టగోడ ఎత్తూ ప్రమీలమ్మ కాలూ ఒకరికొకరు కొలత ఇచ్చి చేయించుకున్నట్టు సరిపోయాయి. ఒక గోడ మీద కాలు మోపి సైకిల్ ఎక్కడం, తర్వాతి గోడ మీద చెయ్యి ఆనించి దిగడం. అక్కడ కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి, సైకిల్ ఇటు తిప్పుకుని మళ్లీ మొదటి గోడకు రావడం. ఆమె సైకిల్ లోకం ఆ రెండు గోడల మధ్యే ఉండేది. బజారంతా నిద్ర లేవకముందే ఆమె కూతురి పంజాబీ డ్రెస్ వేసుకుని, చున్నీ నడుముకు బిగించుకుని, సైకిల్ నడిపించుకుంటూ వచ్చేది. విశ్వేశ్వర్ గొలుసు దాకా తోడు వచ్చి, చాయ్ తాగడానికి వెనక్కి పోయేవాడు.

వానాకాలం కోతలు అయిపోయి వడ్లు రోడ్లెక్కిన రోజుల్లో, ఒక మంచు పొద్దున ఆమె ఎప్పటిలాగే మొదటి గోడ మీద కాలు మోపి బయల్దేరింది. గాలిలో ఏదో పెయింటు వాసన వస్తోంది. పట్టించుకోలేదు. రెండో కల్వర్టు దగ్గరికి వచ్చి, బ్రేకు మెల్లగా నొక్కుతూ ఎడమ చెయ్యి చాచబోయింది.

"అక్కా! ముట్టకు! తడి! తడి!"

మంచులోంచి ఒక మనిషి బ్రష్షు ఎత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. కాలువ మీద కాపలా తిరిగే లష్కర్ కర్ణాకర్. మొదటి గోడ దాకా రంగు ఇంకా రాలేదు కానీ, ఈ గోడంతా తెల్లగా మెరుస్తోంది, పైన నీలం పట్టీ. పసుపు చేతులతో పట్టు గుడ్డ ముట్టుకోబోయే గిరాకీలను పాతికేళ్లుగా అదిలిస్తున్న ప్రమీలమ్మకు ఆ కేకలోని బాధ అర్థమైంది. చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. లాక్కున్న చేతితో హ్యాండిల్ పట్టుకుంది. పడకుండా ఉండాలంటే తొక్కాలి కాబట్టి తొక్కింది. గోడ వెనకబడిపోయింది.

పోనీలే, ముందు గోడకు దిగుదామనుకుంది. ముందు గోడా తెల్లగా మెరుస్తోంది. దానికీ నీలం పట్టీ ఉంది.

వెనక నుంచి బండి చప్పుడయింది. కర్ణాకర్ తన మోటర్‌సైకిల్ మీద పెయింటు డబ్బా తగిలించుకుని పక్కకు వచ్చాడు.

"అక్కా, ఆగు! ఇయ్యాల ఎవలకు ఎంట్రీ లేదు. పెద్దసారు వస్తుండు. సైకిల్ బాట ఓపెనింగ్ ఉంది."

"ఆగుతనే తమ్మీ. గోడ ముట్టుకోనియ్యి."

"గోడ ముట్టుకోవద్దు! నిన్నటి సంది ఏస్తున్న. ఈ మంచుకు ఒక్కటి ఆరలె."

"మరి ఎట్ల ఆగాలె?"

"బ్రేకు కొట్టు."

"కొడ్తె పడ్త."

"కాలు కింద పెట్టు."

"అందది."

కర్ణాకర్ ఆమె కాలు చూశాడు, నేల చూశాడు. మధ్యలో ఉన్న గాలిని కూడా చూశాడు.

"అందని సైకిల్ ఎందుకెక్కినవక్కా?"

"మోకాళ్ల నొప్పికి."

ఇంకో గోడ వచ్చింది, పోయింది. కర్ణాకర్‌కు జాలేసింది. బండి దగ్గరగా తెచ్చి, "నా భుజం మీద చెయ్యెయ్యక్కా, నేను మెల్లగ ఆపుత" అన్నాడు. ప్రమీలమ్మ తల తిప్పి చూసింది. అతని భుజాలు, మోచేతులు, మీసం, అన్నీ తెల్లగా ఉన్నాయి. ఎడమ చెవి మాత్రం నీలంగా ఉంది.

"గిది నా బిడ్డ డ్రెస్సు తమ్మీ. మరక పడ్తె?"

"టర్పెంటుతోని పోతది."

"గీ బట్టకు టర్పెంటు పడది. మరకతోని రంగు సుత పోతది."

"సర్ఫు నీళ్లల్ల నానేస్తె?"

"పెయింటుకు సర్ఫు ఏం జేస్తది?"

ఈ చర్చ తేలేలోపు మరో రెండు గోడలు దాటిపోయాయి. కర్ణాకర్ ఇక లాభం లేదని, ఒక చేత్తో బండి నడుపుతూ ఇంకో చేత్తో పైవాళ్లకు ఫోను కలిపాడు.

"సార్, గట్టు మీద ఒక అమ్మ ఆగుత లేదు సార్."

"ఆపు" అంది ఫోను.

"ఆపుతున్న సార్. ఆగుత లేదు."

ఫోను కాసేపు ఆలోచించింది. "ఎవల మనిషి?"

కర్ణాకర్ ఆమెను కింద నుంచి పై దాకా చూశాడు. వీపు నిటారుగా పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, అరుస్తున్నా వినకుండా పోతోంది. నిజానికి భయంతో మెడ పట్టేసింది. "ఎవల మనిషో తెలుస్తలేదు సార్. గిట్ల ఆగకుండ పోతుందంటె ఎవలో పెద్దోళ్ల మనిషే అయ్యుంటది."

"అట్లయితే ఆపకు" అంది ఫోను. "ఎంబడి ఉండు. ఏం ఇబ్బంది కావద్దు."

అప్పటి నుంచి కర్ణాకర్ ఆమెను ఆపమనడం మానేశాడు. బండి లైటు వేసుకుని, రెండు బారల దూరంలో మర్యాదగా వెనకాల రాసాగాడు. మధ్యమధ్య హారను కొట్టేవాడు. ఎదురుగా ఎవరూ లేరు, అయినా కొట్టేవాడు.

ఇంకొంచెం ముందు, పొలాల వైపు నుంచి గట్టు మీదికి గొర్రెల మంద ఎక్కుతోంది. కాపరి రాజమల్లయ్య గొంగడి కప్పుకుని వెనకాల వస్తున్నాడు. ప్రమీలమ్మ గంట కొట్టింది, కర్ణాకర్ హారను కొట్టాడు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క ఏటవాలు. గొర్రెలకు తోచింది ఒక్కటే దారి. అవి ముందుకు ఉరకడం మొదలుపెట్టాయి. రాజమల్లయ్య గొంగడి భుజాన వేసుకుని సైకిల్ పక్కన పరుగు అందుకున్నాడు.

"ఓ అమ్మా! నా గొర్లను ఏడికి కొంటవోతున్నవే!"

"నేనేం కొంటవోతలే! అవే పోతున్నయి!"

"ఆపు మరి!"

"నన్ను ఆపుమంటున్నవా, గొర్లనా?"

"ఎవలనన్న ఆపే తల్లీ!"

"నాతోని కాదు!" అంది ప్రమీలమ్మ. ఆ మాట ఆమె పాతికేళ్లలో ఎవరితోనూ అనలేదు. అన్నాక గుండెలో ఏదో ముడి కాస్త సడలినట్టయింది కానీ, అది గమనించే తీరిక అప్పుడు లేదు.

మంచు విడిపోతున్న వేళకు వాళ్లు రిజర్వాయరు కట్ట మొదటికి వచ్చారు. అక్కడ షామియానా, కుర్చీలు, మామిడాకుల తోరణం. రెండు గుంజల మధ్య రాణి రంగు రిబ్బన్. బడిలో ఆటలు నేర్పే స్వరాజ్యలక్ష్మి టీచరు చేతిలో మైకు. డప్పులవాళ్లకు ఆమె ముందే గట్టిగా చెప్పింది, "సైకిల్ కనబడంగనే కొట్టాలె. నన్ను అడగొద్దు." పెద్దసారు సైకిల్ మీద వస్తాడని అందరికీ కబురు అంది ఉంది.

సైకిల్ కనబడింది. ముందు పైలట్‌గా గొర్రెలు, పక్కన గొంగడి మనిషి, వెనకాల లైటు వేసుకున్న ఎస్కార్టు. డప్పులవాళ్లు అడగలేదు, కొట్టారు.

స్వరాజ్యలక్ష్మి కళ్లు చికిలించి చూసింది. వస్తున్నది సారు కాదు. కానీ డప్పులు మోగుతున్నాయి, జనం లేచి నిలబడ్డారు, మైకు చేతిలో ఉంది. "మన ప్రియతమ… మన గౌరవనీయ…" అని రెండుసార్లు తడబడి, చివరికి ధైర్యం చేసి, "అమ్మగారు విచ్చేస్తున్నారు!" అంది. మీద పూలు పడ్డాయి.

"పట్టుకోండ్రి!" అని అరిచింది ప్రమీలమ్మ. "ఎవలన్న జర పట్టుకోండ్రి!"

డప్పుల హోరులో ఆమె మాట సగమే వినబడింది. ఊరి పెద్దమనిషి ఒకాయన పూలబొకేతో ముందుకు దూకి, "మీరు పట్టుకోండ్రి అమ్మా, మీకోసమే" అంటూ దాన్ని బుట్టలో పెట్టేశాడు. హ్యాండిల్ వదిలి దండం పెట్టే వీలు లేక ఆమె తల ఆడించింది. ఎంత పెద్ద హోదాలో ఉన్నా అందరికీ తల వంచుతోందే అని కుర్చీల్లోవాళ్లు మెచ్చుకున్నారు.

గొర్రెలు రిబ్బన్ కింద నుంచి దూరిపోయాయి. రాజమల్లయ్య వంగి దాటాడు. ప్రమీలమ్మ వంగలేదు. ఆ రిబ్బన్ ముందురోజు సాయంత్రం తన చేత్తో తాను కొలిచి ఇచ్చిందేనని గుర్తుపట్టే లోపు అది ఛాతీకి తగిలి, సాగి, ఒక వైపు గుంజ నుంచి ఊడివచ్చి, తర్వాత రెండో వైపు ఊడివచ్చి, మెడ చుట్టూ చుట్టుకుంది. జనం చప్పట్లు కొట్టారు. కర్ణాకర్ మాత్రం షామియానా దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఉన్న తన పైసారు ముఖం చూశాక ముందుకు పోవడానికి అతనికి కాళ్లు రాలేదు.

కట్ట మీదికి వచ్చాక గొర్రెలు గడ్డి చూసుకుని పక్కకు దిగిపోయాయి, వాటి వెనక రాజమల్లయ్యా దిగిపోయాడు. డప్పులు దూరమయ్యాయి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కోసేసిన మళ్లు. దారి మీద ఒక్క మనిషి లేడు, ఒక్క బండి లేదు.

ప్రమీలమ్మకు అప్పుడు తెలిసింది, తనకు భయం వేయడం లేదని. ఎప్పటి నుంచి వేయడం లేదో తెలియలేదు. కాళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి. మోకాళ్లు మాట్లాడడం లేదు. అక్కా అనీ అమ్మా అనీ ఎవరూ పిలవడం లేదు. ఒకవేళ పిలిచినా తాను ఆగే వీలు లేదు, ఆ సంగతి ఇప్పటికి పది మందికి తెలిసిపోయింది. ఎవరికీ కోపం కూడా రాదు. మనసులో ఒక ఆలోచన మొదలుపెట్టింది, చిన్నప్పుడు చింతమడకలో మేనత్త ఇంట్లో ఎడ్లబండి వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న ఆలోచన. దాన్ని మధ్యలో ఎవరూ తెంపలేదు. అది చివరిదాకా సాగింది. ఎండ పడి నీళ్లు మెరిశాయి. ఆ రంగుకు పేరేమిటా అని చూసింది. ఆనంద కాదు, నెమలికంఠం కాదు, తన కొట్లో ఏ అరలోనూ లేదు. లేకపోతే లేకపోయిందిలే అనుకుంది.

కట్ట చివర, వంపు తిరిగి షామియానా మళ్లీ కనబడే చోట, దారి ఊరి వైపు దిగుతుంది. ఆ వాలులో తారు రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. రోడ్డు పక్కన ఒక పెద్ద కుప్ప. పోచవ్వ అనే ముసలామె పాదాలతో చాళ్లు తీస్తూ వడ్లు తిరగేస్తోంది. ప్రమీలమ్మ బ్రేకు మీద వేళ్లు పెట్టింది. ఆ వాలు దిగితే బస్సులు తిరిగే రోడ్డు వస్తుంది. ఇంకొంచెం దూరం ఉంటే బాగుండేదని నిజంగానే అనిపించింది. కానీ కుప్ప మెత్తగా ఉంది, తెల్లగా లేదు, ఎవరూ దానికి పెయింటు వేయలేదు.

"ఓ చెల్లె! కుప్ప మీదికి రాకు!" పోచవ్వ రెండు చేతులూ ఊపింది.

"వస్తున్న అక్కా! ఇగ తప్పది!"

ముందు చక్రం బుస్సుమని వడ్లలో దిగబడింది. సైకిల్ ఆగింది. ఒరగలేదు. ఇరుసు దాకా కూరుకుపోయి, దేవుడి ముందు పెట్టిన వాహనంలా నిలబడిపోయింది. మెడలో రాణి రంగు రిబ్బన్, బుట్టలో పూలబొకే, తలలో బంతి రేకులు, కుప్ప మీద ప్రమీలమ్మ. ఆమె మెల్లగా కాలు చాచి చూసింది. వడ్లు అందాయి.

పోచవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకుని రిబ్బన్నూ బొకేనూ చూసింది. "ఓట్లు వచ్చినయా?"

"లేదక్కా."

"మరి ఎవలు నువ్వు?"

"సిద్దిపేటల మ్యాచింగ్ సెంటర్."

పోచవ్వ ముఖం మారింది. తిట్టడానికి కూడదీసుకున్న ఊపిరి వదిలేసి, దగ్గరికి వచ్చి కొంగు చాపింది. "గిట్లనా? గీ రంగుకు నీ దగ్గెర గుడ్డ దొరుకుతదా? మూడు దుకాండ్లు తిరిగిన, ఎవ్వలియ్యలె."

"ఎలిసిపోయిన వంకాయ రంగు అక్కా ఇది" అంది ప్రమీలమ్మ, ఇంకా సీటు మీద నుంచి దిగకుండానే. "దొరుకుతది. రా."

గుడ్డ సంగతి తేలాక పోచవ్వ చీపురు ఆమె చేతిలో పెట్టింది. కుప్ప కూలి వడ్లు రోడ్డు పక్క మొరం మట్టిలో కలిశాయి. అవి ఎత్తాలి, చెరగాలి. ప్రమీలమ్మ చెప్పులు విప్పి కూర్చుంది. చాట పట్టుకుని చాలా ఏళ్లయినా చెయ్యి మరిచిపోలేదు.

కాసేపటికి స్వరాజ్యలక్ష్మి రొప్పుతూ వచ్చింది. అసలు పెద్దసారు కారులో దిగిండట. "అమ్మా, మీరెవరో నాకు తెల్వదు, ఏమనుకోకుండ్రి. ఆ రిబ్బన్ జర ఇస్తరా?"

మెడలోంచి తీసి చూస్తే రిబ్బన్ ఒక చోట పీలిపోయింది. ప్రమీలమ్మ పీలిన ముక్క తుంచేసి, రెండు కొసలూ కలిపి, ముడి కనబడకుండా మీద పువ్వులా మడిచి ఇచ్చింది. "పువ్వు ఉన్న కాడ కత్తెర పెట్టొద్దని చెప్పు. తెగది."

సారు అక్కడే కత్తెర పెట్టాడు. తెగలేదు. కింద నుంచి ఇద్దరు ఆడవాళ్లూ చాటలు ఆపి చూశారు. చివరికి ఎవరో చేత్తో లాగి తెంపారు. తర్వాత సారును ఒక కొత్త సైకిల్ ఎక్కించారు. ఇటొకరు సీటు పట్టుకున్నారు, అటొకరు హ్యాండిల్ పట్టుకున్నారు, ముందొకరు ఫోటో తీశారు. కుర్చీల వరస దాటేలోపే సారును దించేశారు.

"చూసినవా అక్కా, ఆయనకు పట్టుకునేటోళ్లు ఇద్దరు" అంది ప్రమీలమ్మ. "నాకొక్కలు దొరకలె."

కర్ణాకర్ కూడా వచ్చాడు. చెవి ఇంకా నీలంగానే ఉంది. అతను ముందు రెండు చేతులూ జోడించాడు. "అక్కా, అన్ని గోడలు చూసుకుంట వచ్చిన. ఒక్కదాని మీద సుత చెయ్యి ముద్ర లేదు. ఇంకొకలైతే ముట్టుకుందురు."

బజారులో ఈలోగా విశ్వేశ్వర్ గల్లా దగ్గర కూర్చుని, ఇంత ఆలస్యమైందేమిటా అనుకుంటున్నాడు. జాకెట్ గుడ్డకు వచ్చిన ఒకావిడ తన ఫోను ముందు పెట్టింది. "విశ్వేశ్వరన్నా, గీమె మన ప్రమీలక్క తీర్గ లేదూ?" వీడియోలో గొర్రెలు, డప్పులు, పూలు. విశ్వేశ్వర్ రెండోసారి చూడకుండానే షట్టరు దించి ఆటో ఎక్కాడు. గిరాకీ ఉండగా ఆ కొట్టు మూయడం అదే మొదలు.

దారిలో అడుగుతూ వచ్చి పోచవ్వ కుప్ప దగ్గర ఆటో దిగి, వడ్ల మధ్య భార్యను చూసి, దెబ్బలేమీ తగల్లేదని రూఢి చేసుకున్నాక ఆయనకు మాట వచ్చింది. "ఏందే ప్రమీలా, ఓపెనింగ్ జేసినవట?"

"జేసిన. కూసోండ్రి, గా చాట పట్టుకోండ్రి" అంది ఆమె.

ఆయన కూర్చున్నాడు. ఆయనకు చెరగడం రాదు, వడ్లు మొరంలోకీ మొరం వడ్లలోకీ పోశాడు. పోచవ్వ చాట లాక్కుని, సంచి పట్టుకునే పని ఇచ్చింది. మధ్యాహ్నం ముగ్గురూ మక్క గటుక, పచ్చిపులుసు తిన్నారు.

ఇంటికి పోయేటప్పుడు సైకిల్‌ను ఆటోకు కడదామన్నాడు విశ్వేశ్వర్. ప్రమీలమ్మ ఒప్పుకోలేదు. బాట మీద ఎదురు చూసేవాళ్లెవరూ లేరు, పొద్దు ఇంకా ఉంది, పెయింటు ఆరి ఉంటుంది, తొక్కుకుంటూనే పోతానంది. ఆమెను ఒక్కతెను పంపడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆటోను ఆ గట్టు మీదికి రానివ్వరు. ఇద్దరూ కాసేపు క్యారియరు వైపు చూశారు.

పోచవ్వ సైకిల్‌ను గట్టిగా పట్టుకుంటే ప్రమీలమ్మ ఎక్కింది. విశ్వేశ్వర్ క్యారియరు మీద కూర్చుని కాళ్లు చాపాడు. అవి రెండు పక్కలా నేలకు ఆని, ఇంకా మడుచుకోవడానికి జాగా లేక ఇబ్బంది పడ్డాయి. ఆమె బ్రేకు వేసింది, ఆయన పాదాలు మోపాడు. సైకిల్ నాలుగు కాళ్ల బల్లలా నిలబడింది.

"ఇంకోపారి" అంది ప్రమీలమ్మ నమ్మలేక. మళ్లీ తొక్కింది, మళ్లీ ఆపింది. ఊరికి చేరేదాకా దారిలో ఎక్కడ పడితే అక్కడ ఆపుతూనే వచ్చింది. కొంగను చూసి ఆపింది, తంగేడు పువ్వు చూసి ఆపింది, ఏమీ లేని చోట కూడా ఆపింది. విశ్వేశ్వర్ ఒక్కసారి కూడా విసుక్కోలేదు కానీ, చెప్పుల అడుగులు అరిగిపోయాయి.

ఆ తర్వాత నుంచి ఆదివారాలు కొట్టు సగం పూటే. సైకిల్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని, బండ్లు తిరగని కట్ట ఎక్కడ ఉందంటే అక్కడికి పోవడం మొదలుపెట్టారు. మర్కూక్ దగ్గర కొండపోచమ్మ సాగర్ కట్ట వాళ్లకు బాగా నచ్చింది. వెనక కూర్చున్న విశ్వేశ్వర్‌కు భార్య వీపు తప్ప ముందేముందో కనబడేది కాదు. "ఏమొచ్చింది?" అని అడిగేవాడు. "నీళ్లు" అనేది ఆమె. "ఇప్పుడు?" "ఇంకా నీళ్లే."

ఒక ఆదివారం ఆయన చాలాసేపు గొంతు సవరించుకుని, తాను ముందు కూర్చుంటానన్నాడు. తొక్కడం జన్మలో నేర్చుకోలేదు, కానీ కాళ్లు ఆనుతాయి కదా, పడితే కదా భయం. ప్రమీలమ్మ సీటు పట్టుకుని కట్ట మీద పరుగెత్తింది. ఆయన వంకర టింకరగా పోయాడు, తర్వాత తిన్నగా పోయాడు. ఆమె చెయ్యి వదిలేసింది. ఆయనకు తెలియలేదు.

"ప్రమీలా, పట్టుకున్నవా?"

"పట్టుకున్న!" అని అరిచింది ఆమె, ఉన్నచోటే నిలబడి.

ఆయన వెనక్కి చూడలేదు. చూస్తే పడతానని భయమేమో. తెల్ల చొక్కా గాలికి ఉబ్బి, నీళ్ల పక్కగా చిన్నదవుతూ పోయింది. ఆగాలంటే ఆగగలడు, కాళ్లు ఆనుతాయి. కానీ ఆగడం లేదు. ప్రమీలమ్మకు నవ్వొచ్చింది. కట్ట గుండ్రంగా తిరిగి వస్తుంది, ఎంత దూరం పోయినా ఇటే రావాలి. ఎండ ఇంకా ఎక్కలేదు. ఆమె రాతి మీద కూర్చుని, సంచిలోంచి వేయించిన పల్లీల పొట్లం తీసి, ఒక్కొక్కటే పొట్టు ఊదుకుంటూ తినసాగింది.